పెట్ పోర్ట్రెయిట్‌కి ఏది మేలు: కాన్వాసా, ఎండీఎఫ్ పలకా?

ఇష్టమైనవాళ్ల కుక్కనో పిల్లినో ఆక్రిలిక్‌లో వేసి కానుకగా ఇవ్వాలనుకునేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. దేనిమీద వేయాలి? ఆక్రిలిక్ రంగు జిడ్డులేని చాలా ఉపరితలాల మీద పట్టుకుంటుంది కాబట్టి చాలామంది అలవాటుగా కాన్వాస్ కొనేస్తారు. కొండలూ పూలూ వేయడానికి దానితో పేచీ లేదు. బొచ్చు దగ్గరికి వచ్చేసరికే లెక్క మారుతుంది.

బొచ్చు గీతకి ప్రాణమంతా దాని కొసలో ఉంటుంది. మొదట్లో కాస్త లావుగా ఉండి, పోనుపోను సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా కింది రంగులో కలిసిపోవాలి. పలచని రంగులో ముంచిన సన్న లైనర్ బ్రష్‌ని వెంట్రుక మొలిచే దిక్కుగా లాగుతూ, చివర్లో చేయి తేలిగ్గా పైకెత్తితే ఆ కొస వస్తుంది. మామూలు కాటన్ కాన్వాస్ మీద సరిగ్గా ఆ చివరి రెండు మూడు మిల్లీమీటర్లే పాడవుతాయి. ఒత్తిడి తగ్గగానే బ్రష్ మొన నేత పోగుల మిట్టలకే తగులుతూ గుంటల్ని దాటేస్తుంది. గీత చుక్కలుగా తెగుతుంది. సరిచేద్దామని ఇంకాస్త నొక్కితే కొస మొద్దుబారుతుంది. రంగులో ఇంకాసిని నీళ్లు పోస్తే గుంటల వెంట పక్కలకి పాకుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే రంగుకి పట్టు కూడా తగ్గుతుంది. అందుకే పలచన చేయడానికి నీళ్ల కన్నా గ్లేజింగ్ మీడియం (రంగుని పలచన చేసే పారదర్శక ఆక్రిలిక్ ద్రవం) నయం, లేదా మొదటినుంచీ పలచగానే దొరికే ఫ్లూయిడ్ ఆక్రిలిక్ వాడుకోవచ్చు. అయినా నేత నేతే.

కళ్లదీ ఇదే ఇబ్బంది. 8×10 అంగుళాల బొమ్మలో తల నిండుగా వేసినా కన్ను రెండు సెంటీమీటర్లు దాటదు. అందులో మెరుపు చుక్క ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ చుక్క అంచు నేత మీద చెదిరిందంటే చూపే మారిపోతుంది. ఇక పిల్లి మీసాలు ఒక్క విసురులో రావాలి. మధ్యలో తెగిన మీసాన్ని అతికించి గీస్తే అతుకు కనబడుతుంది.

నున్నటి పలక మీద ఈ బాధలేవీ ఉండవు, కాకపోతే తయారీ పని ఉంది. 12×16 అంగుళాల వరకు 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక) చాలు, బరువు అరకిలో అటూఇటూ. ముఖాన్నీ అంచుల్నీ 220 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్దాలి. మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. దుమ్ము తుడిచాక గెస్సో (రంగు పట్టడానికి అడుగున వేసే తెల్ల పూత) కన్నా ముందు ఆక్రిలిక్ మీడియం, అంటే రంగు కలపని ఆక్రిలిక్, రెండు పూతలు వేయాలి. ఈ మెట్టునే ఎక్కువమంది వదిలేస్తారు. చెక్కలో నీటికి కరిగే గోధుమరంగు పదార్థం ఉంటుంది. అది తడి గెస్సోలోంచి పైకి పాకి పసుపు మరకగా తేలుతుంది. తెల్లపిల్లి రొమ్ము మీద ఆ మరక తేలితే చేసేదేమీ లేదు. వెనకవైపూ అంచులూ కూడా మూసేయాలి, లేకపోతే ఒక్క ముఖమే తడి పీల్చుకుని పలక వంగుతుంది, అంచులు ఉబ్బుతాయి. తర్వాత గెస్సో మూడు పూతలు, ఒకటి అడ్డంగా, తర్వాతది నిలువుగా. పూతకీ పూతకీ మధ్య బాగా ఆరనిచ్చి 400 నంబరుతో రుద్దాలి. చివరి పూతని మాత్రం పైపైన తడిమి వదిలేయండి. అద్దంలా నునుపు చేస్తే మొదటి పలచటి పూత నిలవక జారుతుంది, పూర్తిగా ఆరని పొర రెండోసారి బ్రష్ తగలగానే లేచిపోతుంది.

కాన్వాస్‌కి ఉన్న బలాలు తక్కువవేం కావు. 20×24 అంగుళాలు దాటితే పలక మోత బరువు, పైగా వెనక చట్రం లేకపోతే వంగుతుంది. అక్కడ కాన్వాసే దారి. అంగుళన్నర మందం చట్రానికి బిగించినదైతే పక్కలకి కూడా రంగు వేసి, ఫ్రేమ్ లేకుండానే గోడకి తగిలించుకోవచ్చు. వెనక మసకగా ఉండాల్సిన బొచ్చుకి పొడి బ్రష్ రుద్దితే నేతే సగం పని చేసిపెడుతుంది. బాక్సర్, డాబర్‌మన్ లాంటి పొట్టి బొచ్చు కుక్కలకి విడి వెంట్రుకల కన్నా కండరాల వెలుగునీడలు ముఖ్యం కాబట్టి నేత అంతగా అడ్డురాదు. పొమరేనియన్‌కో పర్షియన్ పిల్లికో అయితే కాన్వాస్ జోలికి పోకపోవడమే మంచిది. తప్పదంటే సన్నని నేత ఉన్న పోర్ట్రెయిట్ రకం తీసుకుని, గెస్సోని ప్లాస్టిక్ కార్డుతో గుంటల్లోకి అదుముతూ మూడు పూతలు వేసి రుద్దండి. రుద్దేటప్పుడు వెనక ఓ పుస్తకం ఆనించాలి, లేకపోతే చట్రం కర్ర అచ్చు ముందుకి పడుతుంది. ఇంత చేశాక చూసుకుంటే పలకకి పట్టే సమయమే దీనికీ పట్టి ఉంటుంది.

300 జీఎస్‌ఎం మందపాటి కాగితం సాధనకీ, పోస్టులో పంపడానికీ బాగుంటుంది. అద్దం ఫ్రేమ్ కట్టిస్తే మధ్యలో మౌంట్ (బొమ్మకీ అద్దానికీ ఎడం ఉంచే అట్ట చట్రం) ఉండాలి, లేకపోతే రంగు అద్దానికి అంటుకుంటుంది. అట్టకి కాన్వాస్ అతికించిన కాన్వాస్ బోర్డులో నేత బాధా ఉంది, వంగే బాధా ఉంది.

దేనిమీద వేసినా ఇచ్చే రోజుకి రెండు వారాల ముందే బొమ్మ పూర్తిచేసుకోండి. పైకి ఆరినట్టున్నా లోపలి తడి పోవడానికి రోజులు పడుతుంది, వార్నిష్ ఆ తర్వాతే. బబుల్ ర్యాప్‌ని నేరుగా చుడితే బుడగల అచ్చులు రంగు మీద దిగుతాయి. ముందు సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపర్ చుట్టి, పలకైతే నాలుగు మూలలకీ అట్టముక్కలు తొడిగి, ఆ పైన బబుల్ ర్యాప్ వేయండి.