పదమూడు రోజుల్లో ఉగాండా: టీకాకి వైజాగా, హైదరాబాదా?

మా బామ్మర్దికి ఉగాండాలో ఎలక్ట్రీషియన్ పని కుదిరింది. 14న విమానం. 1వ తేదీ సాయంత్రం అమలాపురంలో మా అరుగు మీద కూర్చుని, "బావా, ఏదో పసుపు కార్డు కావాలంటున్నారు" అన్నాడు. అన్నీ అయ్యాక గుర్తొచ్చింది మహానుభావుడికి!

ఆ పసుపు కార్డంటే ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరానికి టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు. ఉగాండా వెళ్ళాలంటే అది తప్పనిసరి. టీకా వేశాక పదో రోజు నుంచే ఆ కార్డు చెల్లుతుంది. అంటే 4వ తేదీ దాటితే 14న ఎక్కడానికి లేదు. పైగా ఇది ఊళ్ళో ఏ ఆసుపత్రిలోనో వేయించుకునేది కాదు, కేంద్ర ప్రభుత్వం గుర్తించిన చోట్లే వేస్తారు. మా ఆలోచనలోకి వచ్చినవి రెండు: వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ ఆఫీసు, హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్).

దగ్గర చూసుకుంటే వైజాగే. తెల్లారకుండా బయల్దేరి, రాజమండ్రిలో రైలెక్కితే రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. హైదరాబాద్ అయితే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి పోను, ఒక రాత్రి రాను. కానీ అసలు లెక్క దూరం కాదు, తేదీ. ఈ మందు సీసా ఒకదాంట్లో చాలామందికి సరిపడా డోసులుంటాయి. ఒకసారి కలిపితే ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయడమే. అందుకని చాలాచోట్ల రోజూ వేయరు, పేర్లు రాసుకుని కొందరిని ఒకేసారి పిలుస్తారు. ఫోన్ చేయకుండా రైలెక్కితే ఛార్జీలు దండగ. రెండు చోట్లా కనుక్కుని, 4లోపు ఎవరు రమ్మంటే అక్కడికే పోవాలి. ఇద్దరూ రమ్మంటే వైజాగ్. మావాడికి 3న అక్కడే దొరికింది.

ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్ళాలి. గుడ్డు పడనివాళ్ళు, 60 దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా.

ఈలోపు ఒక ఏజెంటు మూడో దారి చూపించాడు. "పాత తేదీ వేయించేస్తానండి, టెన్షన్ పడకండి." దానికంటే టికెట్ నాలుగు రోజులు వాయిదా వేసుకుని డబ్బు పోగొట్టుకోవడం మేలు. ఎల్లో ఫీవర్‌ని తగ్గించే మందంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ కార్డు అడుగుతారు, సరైనది లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచేస్తారు. మన డెంగీ దోమే ఈ జ్వరాన్నీ మోస్తుంది కాబట్టి ఇక్కడ అంత గట్టి. నిజంగా వేయించుకుంటే మాత్రం 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతోంది.

మిగతా టీకాలకి అంత దూరం పోనక్కర్లేదు. హెపటైటిస్ ఏ ముందు వేయించుకోమంటాను, ప్రయాణానికి ముందురోజు వేసినా ఒక డోసు పనికొస్తుంది. టైఫాయిడ్‌ది రెండు వారాల ముందే పడితే మంచిది, కాబట్టి అదీ వెంటనే. ఈ రెండూ ఎల్లో ఫీవర్ టీకాతో ఒకే రోజు వేసినా ఇబ్బంది లేదు. కుక్కకాటుకి ముందస్తు టీకా ఇవాళ ఒకటి, ఏడో రోజున ఇంకొకటి. పదమూడు రోజుల్లో పడుతుంది గానీ చేతిలో డబ్బు తక్కువైతే దాన్ని ఆఖర్న పెట్టుకోవచ్చు.

మలేరియా సంగతి వేరు. దానికి మన పుణేలోనే టీకా తయారవుతోంది, కానీ అది ఆఫ్రికా పిల్లలకి. పెద్దవాళ్ళకి మాత్రలే, ఏవి ఎన్నాళ్ళన్నది డాక్టరు చెప్పాలి. ఈ మాటంటే మావాడు, "కాలవగట్టు మీద పుట్టినోణ్ణి, దోమలు నాకు కొత్తా బావా?" అని నవ్వాడు. అక్కడ ఎక్కువగా వచ్చేది ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం. మా ఆవిడ వాడితో వాదించలేదు. ఆవకాయ సీసా అడుగున దోమతెర మడత పెట్టి సర్దేసింది.