నూనె పెట్టిన జడ, చేతి మీద నూగు

చెన్నై పెరంబూరులో మాది తెలుగిల్లు. లోపల ‘నాన్నా’, గడప దాటితే అందరి నోటా ‘అప్పా’. అందుకే పాతకాలపు ఇంగ్లండ్ దొరల ప్రేమకథల సిరీస్ ‘బ్రిడ్జర్టన్’ రెండో సీజన్ మీద నాకూ చెల్లికీ ఇంకా తెగని గొడవ.

దానికి మూలమైన నవలలో హీరోయిన్ కేట్ తెల్లమ్మాయి, ఇంటిపేరు షెఫీల్డ్. 2022లో వచ్చిన సీజన్‌లో కేట్ శర్మ అయింది. వేసింది తమిళ మూలాలున్న సిమోన్ ఆష్లే. ఆ ఛాయ ఉన్న అమ్మాయి హీరోయిన్! మన సినిమాల్లోనే అరుదు. కేట్ తన చెల్లెలి తలకు నూనె పెట్టే సీను వస్తే అమ్మ కూడా వచ్చి కూర్చుంది. కానీ తండ్రి ‘అప్పా’, అక్క ‘దీదీ’, చెల్లి ‘బోన్’. దక్షిణాది, హిందీ, బెంగాలీ ఒకే ఇంట్లో! భాషలు కలవొద్దని నేననను, మా ఇల్లే కలగూరగంప. మా కలగలుపుకి ఒక వీధి ఉంది, బడి ఉంది. వాళ్లదానికి ఏమీ కనపడదు.

2020లో మొదలైన ‘నెవర్ హ్యావ్ ఐ ఎవర్’ సిరీస్ అలా కాదు. దాని హీరోయిన్ దేవి అమెరికాలో పెరిగిన తమిళ పిల్ల. మొదటి సీన్‌లోనే పూజగది ముందు నిలబడి, చేతుల మీద నూగు తగ్గించమని దేవుళ్లను అడుగుతుంది. ఎవరో ఆ బాధ పడి రాసినట్టుంది. దేవి మొండిది, అబద్ధాలకోరు, ఒక్కోసారి చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

చెల్లి మాత్రం కేట్ వైపే. “మనకీ ఒక గుర్రం, ఒక రాజకుమారుడు ఉండొద్దా అక్కా?” అంటుంది. నా ఓటు దేవికి.