పన్నెండు లీడ్ల ఈసీజీయా, హోల్టరా: గుండెలో కండక్షన్ లోపాన్ని పట్టుకోవడానికి ఏది మేలు?

కళ్లు తిరిగి పడిపోయినవారికి ఈసీజీ నార్మల్ అని వస్తే హోల్టర్ (ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించుకుంటే గుండె లయను ఆపకుండా నమోదు చేసే చిన్న పరికరం) పెట్టించాలా అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. కండక్షన్ లోపాన్ని బ్లాక్ అని కూడా అంటారు; ఇక్కడ బ్లాక్ అంటే రక్తనాళం పూడుకోవడం కాదు, విద్యుత్ సంకేతం దారిలో ఆలస్యం కావడమో ఆగిపోవడమో అని ముందుగా గుర్తుచేస్తున్నాను. ఈ రెంటినీ ఒకటే అనుకుని కంగారుపడేవారు ఇంకా ఉన్నారు.

లోపం ఎక్కడుందో చెప్పడంలో, గుండె విద్యుత్తును పన్నెండు కోణాల నుంచి (ఒక్కో కోణం ఒక లీడ్) చూసే పన్నెండు లీడ్ల ఈసీజీకి సాటి లేదు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదిలితే ఒక్కో చిన్న గడి 40 మిల్లీసెకన్లు. పీఆర్ (పైగదుల్లో సంకేతం మొదలైనప్పటి నుంచి కిందిగదుల్లో మొదలయ్యేదాకా పట్టే సమయం) ఐదు గడులు దాటితే సంకేతం పైగదుల నుంచి కిందికి ఆలస్యంగా చేరుతోందనీ, క్యూఆర్ఎస్ (కిందిగదుల్లో సంకేతం వ్యాపించడాన్ని చూపే గీత) వెడల్పు మూడు గడులకు చేరితే బండిల్ శాఖలో, అంటే కిందిగదులకు సంకేతాన్ని మోసే కుడి, ఎడమ దారుల్లో ఒకదానిలో, అడ్డంకి ఉండవచ్చనీ భావించాలి. ఆ అడ్డంకి కుడిదా ఎడమదా అన్నది ఛాతీ మీద పెట్టే వీ1, వీ6 లీడ్లను కలిపి చూస్తేనే స్పష్టమవుతుంది. సాధారణంగా రెండు మూడు లీడ్లే ఉండే హోల్టర్‌ను ఈ విషయంలో అంతగా నమ్మలేము.

అయితే ఆ ఈసీజీ చూసేది దాదాపు 10 సెకన్లే. అందుకే, లక్షణం ఎంత తరచుగా వస్తోందన్నదానిని బట్టే తర్వాతి పరీక్షను ఎంచుకోవాలని నా దృఢమైన అభిప్రాయం. రోజూ కళ్లు తిరిగేవారికి 24 నుంచి 48 గంటల హోల్టర్ సరిపోతుంది. నెలలకొకసారి పడిపోయేవారి హోల్టర్‌లో ఏమీ కనిపించలేదంటే ఆ రోజు ఏమీ జరగలేదనే అర్థం తప్ప లోపం లేదని కాదు; అటువంటివారికి చర్మం కింద అమర్చి ఏళ్ల తరబడి ఉంచగల లూప్ రికార్డరే, ఖర్చు ఎక్కువైనా, తగినది. మరోవైపు, ఆరోగ్యవంతులైన యువకులకు నిద్రలో పీఆర్ క్రమంగా సాగి ఒక బీట్ తప్పిపోవడం హోల్టర్‌లో కనిపించినా సాధారణంగా భయపడనక్కరలేదు. పీఆర్ మారకుండానే హఠాత్తుగా బీట్ తప్పిపోతే మాత్రం పేస్‌మేకర్ గురించి ఆలోచించవలసిన ప్రమాద సూచనగా చూడాలి. లక్షణం వచ్చిన సమయాన్ని రోగి రాసిపెట్టుకోకపోతే హోల్టర్ విలువ సగం పోతుంది.

స్మార్ట్‌వాచ్‌లో ఉండేది ఒక్క లీడే కాబట్టి బండిల్ శాఖల సంగతి దానితో తేలదు.

ఒక్కదానినే ఎంచుకోమంటే నేను పన్నెండు లీడ్ల ఈసీజీనే ఎంచుకుంటాను. పడిపోయిన మనిషి ఈసీజీలో శాఖల అడ్డంకి కనిపిస్తే, ఒక రోజు హోల్టర్ నార్మల్‌గా వచ్చిందని ఊరుకోకుండా గుండె లయ నిపుణులకు చూపించాలి. ఆ అడ్డంకి కొత్తదా పాతదా అని చెప్పేది పాత ఈసీజీ ఒక్కటే. థర్మల్ కాగితం మీది గీతలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి కనుక తీయించిన రోజే దానిని జిరాక్స్ చేయించి దాచుకోండి.