గంపగుత్త నిధా, పద్దులవారీ నిధా: కౌంటీ మానవ సేవలకు ఏది మేలు?

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. పద్దులవారీ నిధి అనే పాత పద్ధతిలో నడిచే ఒక కౌంటీ (మన జిల్లా వంటిది) మానవ సేవల కార్యాలయంలో ఆ నెల చివరి వారాలను ఊహించుకుంటే, ఇక్కడ పోల్చబోయే రెండు పద్ధతుల తేడా సగం అర్థమైనట్టే. నిరాశ్రయుల సహాయానికి కేటాయించిన పద్దు వసంతానికే అడుగంటింది. అద్దె బాకీపడి ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చిన కుటుంబానికి జూలైలో రమ్మని చెప్పి పంపుతున్నారు. అదే వసారాలో రెండు గదుల అవతల, మాదకద్రవ్యాల చికిత్స పద్దులో కొంత సొమ్ము మిగిలిపోయింది. గడువులోగా ఖర్చు కాకపోతే అది రాష్ట్ర ఖజానాకు తిరిగి వెళ్లవలసిందే. ఆ అద్దె కట్టలేని తల్లి చికిత్స నుంచి ఈ మధ్యే బయటికి వచ్చిన మనిషే అయినా సరే, ఆ గదిలోని డబ్బు ఈ గదికి రాదు.

పెన్సిల్వేనియాలో 67 కౌంటీలున్నాయి. మానసిక ఆరోగ్యం, మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి తోడ్పాటు, మాదకద్రవ్య వ్యసన చికిత్స, నిరాశ్రయులకు ఆశ్రయం, పిల్లల సంరక్షణ వంటి సేవలకు డబ్బులో అధిక భాగం ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాల నుంచి వస్తుంది. సేవలను అందించవలసింది మాత్రం కౌంటీ, లేదా కౌంటీతో ఒప్పందం చేసుకున్న స్వచ్ఛంద సంస్థ. ఆ డబ్బు ప్రతి సేవకూ విడివిడిగా, ఇంకొక దానికి వాడకూడదన్న షరతుతో వస్తే పద్దులవారీ నిధి అందాం. అన్నీ కలిపి ఒక్క మొత్తంగా వచ్చి, ఎక్కడ ఎంత పెట్టాలో కౌంటీయే తేల్చుకుంటే గంపగుత్త నిధి అందాం. అక్కడివారు బ్లాక్ గ్రాంట్ అనేది దీన్నే. మన పంచాయతీలకు పదిహేనవ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి ముడిపెట్టి, మిగతా 40 శాతాన్ని షరతుల్లేకుండా వదిలిపెట్టడం తెలిసిన వారికి ఈ తగాదా కొత్తదేమీ కాదు.

పెన్సిల్వేనియాలో ఈ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకోకుండా మంచిచెడ్డలు తూచడం కష్టం. 2012లో అప్పటి గవర్నర్ టామ్ కార్బెట్ ఏడు పద్దులను ఒక్కటిగా కలపాలని ప్రతిపాదించారు. అదే చేత్తో ఆ మొత్తంలో 20 శాతం కోత కూడా ప్రతిపాదించారు. చట్టసభలో బేరసారాలయ్యాక కోత 10 శాతానికి తగ్గింది. ఆ ఏడాది 80వ చట్టం కింద గంపగుత్త పద్ధతిని 20 కౌంటీలకు మాత్రమే, అదీ కోరుకున్నవారికే, ప్రయోగంగా తెరిచారు; మరుసటి ఏడాది ఆ పరిమితిని 30కి పెంచారు. పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీ, ఫిలడెల్ఫియా శివార్లలోని చెస్టర్ కౌంటీ చేరాయి. ఫిలడెల్ఫియా దూరంగానే ఉండిపోయింది. స్వేచ్ఛ, కోత ఒకే మూటలో రావడం వల్ల, వికలాంగుల తల్లిదండ్రుల సంఘాలు ఆనాటి నుంచి ఈ పద్ధతిని అనుమానంగానే చూస్తూ వచ్చాయి. ఆ అనుమానం అన్యాయమని నేను అనలేను.

అయితే గంపగుత్త పద్ధతి గుణాన్ని దాని పుట్టుక సమయంతో కాక, పనితీరుతో కొలవాలి. సమస్యలు పద్దుల ప్రకారం రావు. ఒకే మనిషికి కుంగుబాటు, తాగుడు, అద్దె బాకీ కలిసికట్టుగా ఉంటాయి. పద్దులవారీ పద్ధతిలో ఆ మనిషి మూడు దరఖాస్తులు, ముగ్గురు కేస్‌వర్కర్లు, మూడు లెక్కల పుస్తకాల మధ్య చీలిపోతాడు. జనాభా తక్కువగా ఉన్న పల్లె కౌంటీల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఒక పద్దు కింద వచ్చే సొమ్ము అక్కడ ఒక పూర్తికాలపు ఉద్యోగి జీతానికి కూడా సరిపోకపోవచ్చు. మూడు పద్దులను కలిపితే గానీ ఒక మనిషిని పెట్టుకుని, ఒక వాహనం నడపలేరు. మిగిలిన సొమ్ములో కొంత శాతాన్ని మరుసటి ఏడాదికి దాచుకునే వెసులుబాటు కూడా గంపగుత్తలో చేరిన కౌంటీలకు ఉంది. దాని వల్ల జూన్ నెలలో కంగారుగా కుర్చీలు, కంప్యూటర్లు కొనే అవసరం తగ్గుతుంది. పైకి చిన్నదిగా కనిపించే ఈ సదుపాయమే నా లెక్కలో ఈ పద్ధతికున్న అతి పెద్ద లాభం.

స్వేచ్ఛను ఒక్కసారిగా వదలకుండా మెట్లుగా ఇచ్చిన తీరు కూడా మెచ్చుకోదగ్గదే. మొదటి ఏడాది ప్రతి పద్దుకు వచ్చిన సొమ్ములో కనీసం 80 శాతం దానికే ఖర్చు చేయాలన్నారు. ఆ కనీసం రెండో ఏట 75కు, మూడో ఏట 50కి, నాలుగో ఏట 25కు దిగింది. ఆ తర్వాత కనీసమంటూ లేదు. నా అభ్యంతరం ఈ చివరి మెట్టు దగ్గరే.

కనీసం లేనప్పుడు నష్టపోయేది ఎవరు? గొంతు లేనివారు. మత్తుమందు మరణాలు పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కుతాయి. ఇళ్లు లేనివారి గుడారాలు కోర్టు భవనం ఎదుటే కనిపిస్తాయి. మేధో వైకల్యమున్న ముప్పై ఐదేళ్ల కొడుకును డెబ్బై ఏళ్ల తల్లి ఇంట్లోనే చూసుకుంటూ ఉంటే, ఆ ఇల్లు ఎవరి కంటికీ కనిపించదు. ఇటువంటి కుటుంబాల్లో చాలా వాటికి ఆధారం మెడికెయిడ్ (పేదలకు, వికలాంగులకు ఉద్దేశించిన ప్రభుత్వ ఆరోగ్య బీమా) వేవర్ అనే వేరే నిధి. అది గంపగుత్తలో కలవదు. కానీ వేవర్ కోసం అవసరం తీవ్రతను బట్టి నమోదు చేసే జాబితాలో ఎదురుచూస్తున్నవారికీ, వేవర్‌కు అర్హత లేనివారికీ కౌంటీ చేతిలో ఉన్న 'బేస్' నిధే దిక్కు. అది మాత్రం గంపలోనే ఉంది. ఎగ్జ్‌టన్, మాల్వర్న్ అనే చెస్టర్ కౌంటీ ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఇలాంటి పిల్లలున్నారు. ఆ పిల్లలు బడి వయసు దాటి బయటికి వచ్చాక గానీ, తల్లిదండ్రులకు ఈ మాటలు చెవిన పడవు.

పద్దులు ఊరికే పుట్టలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అదే చెస్టర్ కౌంటీలో 1908లో మొదలైన పెన్‌హర్స్ట్ అనే ప్రభుత్వ వసతి సంస్థలో మేధో వైకల్యమున్నవారిని వేల సంఖ్యలో కుక్కి ఉంచారు. 1974లో కోర్టుకెక్కిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచి, ఆ సంస్థ 1987లో మూతపడింది. అక్కడి నుంచి ఊళ్లలోని ఇళ్లకు చేరినవారికి అందే సేవల వెనుక ఉన్నది ఎవరో దయతలచి రాసిన పద్దు కాదు, పోరాడి సాధించుకున్న హక్కు. ప్రభుత్వ మానసిక వైద్యశాలల నుంచి బయటికి వచ్చినవారి కోసం కౌంటీలకు ఇచ్చిన నిధులకూ ఇటువంటి కథే ఉంది. పద్దు అంటే అధికారి చేతికి వేసిన సంకెల అనుకునేవారు, అది ఒకరికి రాసిచ్చిన మాట కూడా అని మరచిపోతారు.

గంపగుత్త నిధికి మరొక జబ్బు ఉంది. అది నెమ్మదిగా ముదురుతుంది. 1996లో ఫెడరల్ ప్రభుత్వం పేద కుటుంబాల నగదు సహాయాన్ని టానిఫ్ అనే గంపగుత్తగా మార్చి, ఏటా దాదాపు 1,650 కోట్ల డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ధరలు ఎంత పెరిగినా ఆ అంకె అక్కడే ఉండిపోయింది, అంటే అసలు విలువ ఏటా కరుగుతూ వచ్చింది. 1981లో ఏర్పడిన సామాజిక సేవల గంపగుత్త నిధి గతి ఇంకా దారుణం: 240 కోట్ల డాలర్లతో మొదలై, ధరల సంగతి అటుంచి అంకెలోనే 170 కోట్లకు పడిపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఫలానా పిల్లల ఫలానా సేవ తగ్గిస్తున్నామని ఏ శాసనసభ్యుడూ నోరారా చెప్పలేడు. పేరూ ఊరూ లేని ఒక పెద్ద మొత్తంలో ఐదు శాతం తగ్గించామని చెప్పడం సులువు, ఆ తర్వాత ఎవరికి కోత పెట్టాలో తేల్చుకునే పాపం కౌంటీదవుతుంది.

ప్రణాళిక విషయానికి వస్తే, రెండు రకాల కౌంటీలూ ఏటా రాష్ట్రానికి మానవ సేవల ప్రణాళిక సమర్పించాలి. గంపగుత్తలో ఉన్నవి కనీసం రెండు బహిరంగ సభలు జరపాలి, లేనివాటికి ఒకటి చాలు. సభ గురించి పత్రికలో ప్రకటన వేసిన రుజువును ప్రణాళికకు జతచేయాలి. నేనొకసారి అటువంటి సభకు వెళ్లాను. మడత కుర్చీలు నలభై వేశారు. వచ్చినవాళ్లం పదకొండు మందిమి, అందులో ఆరుగురు కౌంటీతో ఒప్పందమున్న సంస్థల ఉద్యోగులే. సభ పెట్టింది పనిదినం మధ్యాహ్నం రెండు గంటలకు. ఒక పెద్దావిడ మాత్రం తన కూతురి రాకపోకల వ్యాన్ గురించి కాగితం మీద రాసుకొచ్చి చదివింది. చదువుతున్నంతసేపూ ఆ కాగితం అంచును వేళ్లతో మడుస్తూనే ఉంది. గంపగుత్త పద్ధతికి ప్రాణం ఈ సభే. పద్దులవారీ పద్ధతిలో సభ ఉత్తుత్తి తంతుగా సాగినా రాష్ట్రం పెట్టిన షరతే కొంత కాపాడుతుంది. గంపగుత్తలో సభ తంతుగా మారితే కాపాడేది ఇంకేమీ లేదు.

ప్రణాళికను ఇంట్లో కూర్చుని చదివేవారికి ఒక కిటుకు చెబుతాను. చివర జతచేసే బడ్జెట్ పట్టికలో ప్రతి సేవకూ ఎంతమందికి అందుతుందన్న అంచనా, పద్దుకు వచ్చిన కేటాయింపు, చేయదలచిన ఖర్చు వేర్వేరు నిలువు వరుసల్లో ఉంటాయి. గంపగుత్త కౌంటీలో కేటాయింపు కంటే ఖర్చు ఎక్కడ తక్కువగా ఉందో, అక్కడి నుంచి డబ్బు కదిలిందన్నమాట. ముందరి పేజీల్లో ఎంత తీయని వాక్యాలు రాసినా, అసలు సంగతి తెలిసేది ఈ రెండు వరుసల తేడాలోనే.

మూడో దారి పక్క రాష్ట్రమైన ఒహాయోలో ఉంది. అక్కడి 88 కౌంటీల్లో చాలా చోట్ల మానసిక ఆరోగ్యం, పిల్లల సేవలు, వృద్ధుల సేవలకు ఓటర్ల ఆమోదంతో ప్రత్యేక ఆస్తిపన్ను, అంటే లెవీ, వసూలు చేస్తారు. క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీలో 2020లో ఓటర్లు 3.9 మిల్లుల ఆరోగ్య, మానవ సేవల లెవీని 4.7 మిల్లులకు పెంచుతూ ఆమోదించారు. ఇంటి మార్కెట్ విలువలో 35 శాతం మీద, ప్రతి వెయ్యి డాలర్లకు ఒక డాలరు చొప్పున ఒక మిల్లు లెక్కగడతారు కనుక, తగ్గింపులేవీ లేని కొత్త 4.7 మిల్లులంటే లక్ష డాలర్ల ఇంటికి ఏడాదికి సుమారు 164 డాలర్లు. రాష్ట్ర రాజధానిలో రాజకీయాలు బిగుసుకుపోయినా ఈ డబ్బు ఆగదు. పెన్సిల్వేనియాలో 2015-16 బడ్జెట్ ప్రతిష్టంభన దాదాపు తొమ్మిది నెలలు సాగి, సేవా సంస్థలు జీతాల కోసం బ్యాంకుల్లో అప్పులు చేసినప్పుడు, పద్దులవారీ కౌంటీలకూ గంపగుత్త కౌంటీలకూ కష్టం ఒక్కటే అయింది. లెవీ విలువ అటువంటప్పుడు తెలుస్తుంది.

లెవీకి లోపాలు లేకపోలేదు. ఓటరుకు వృద్ధుల మీద, పిల్లల మీద ఉన్న జాలి, జైలు నుంచి విడుదలై మానసిక రోగంతో తిరిగే మనిషి మీద ఉండదు. సంపన్న కౌంటీలో ఒక మిల్లు రాబట్టే సొమ్ముకూ, అపలేచియన్ కొండల్లోని పేద కౌంటీలో అదే మిల్లు రాబట్టే సొమ్ముకూ పోలికే లేదు. పైగా 1976లో తెచ్చిన చట్టం ప్రకారం ఇళ్ల విలువలు పెరిగితే లెవీ రేటు ఆ మేరకు తగ్గిపోతుంది. అంటే ఓటరు ఆమోదించిన నాటి డాలర్ల మొత్తమే ఏళ్ల తరబడి వస్తుంది, ధరలు మాత్రం పెరుగుతాయి. కాలిఫోర్నియా 1991లో అమ్మకపు పన్నులో అర సెంటును, వాహన రుసుమును కౌంటీలకు అంకితం చేసి ఇంకో ప్రయోగం చేసింది. మాంద్యం వచ్చి సేవల అవసరం పెరిగిన ఏడాదే అమ్మకపు పన్ను పడిపోవడం దాని బలహీనత.

ఇప్పుడు నా తీర్పు. జనాభా తక్కువైన, సిబ్బంది కొద్దిమందే ఉన్న కౌంటీకి గంపగుత్తే మేలు. అక్కడ పద్దుల గోడలు సేవలను కాపాడటం కంటే అడ్డుకోవడమే ఎక్కువ. 1997లోనే తన విభాగాలన్నింటినీ ఒక్క మానవ సేవల శాఖగా కలిపి, వాటి సమాచారాన్ని ఒక్క చోటికి చేర్చుకున్న అలెగెనీ వంటి పెద్ద కౌంటీకీ అది తగినదే, ఎందుకంటే డబ్బు కదిలిస్తే ఎవరికి ఏమవుతుందో చూసుకునే సాధనం దాని దగ్గర ఉంది. మధ్యరకం కౌంటీలో, విభాగాలు ఇంకా విడివిడిగా, సభలు ఇంకా మధ్యాహ్నం రెండింటికి జరుగుతున్న చోట, నేనైతే తొందరపడను. ఎక్కడ చేరినా, మేధో వైకల్యం, మానసిక ఆరోగ్యం అనే రెండు పద్దులకైనా ఎప్పటికీ తొలగని కనీసం ఒకటి చట్టంలో ఉండాలి. అది 75 శాతమా, 60 శాతమా అన్నది బేరమాడుకోవచ్చు; 2012 చట్టం చివరికి చేరిన సున్నా మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. సభల్లో కనీసం ఒకటి సాయంత్రం ఏడు తర్వాత పెట్టాలన్నది కూడా అదే చట్టంలో రాయించవచ్చు. దానికయ్యే అదనపు ఖర్చు హాలు దీపాలకు, ఒక కాపలాదారు ఓవర్‌టైమ్‌కు మించదు.