చలి పై నుంచి కాదు, కింద నుంచి వస్తుంది: కొరాపుట్‌లో హ్యామక్ రాత్రులు

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే బస్సు కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. డిసెంబరు చివరి వారం. విజయనగరంలో మామూలు చొక్కాతో ఎక్కిన మా బావమరిది పొట్టంగి వచ్చేసరికి స్వెట్టరు మీద మఫ్లరు చుట్టేశాడు. సిమిలిగూడలో దిగి టీ తాగుతుంటే కొట్టు ఆయన మా బ్యాగులు చూసి తెలుగులోనే అడిగాడు, "కొండ మీద పడుకుంటారా బాబూ? రాత్రి గడ్డి తెల్లగా అయిపోద్ది." ఇప్పుడు ఒడిశాలో ఉన్న కొరాపుట్ 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇప్పటికీ ఈ రోడ్డు పొడుగునా తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. భాష గురించి టెన్షన్ పెట్టుకోకుండా రావచ్చు.

మాకు కావాల్సింది ఒక్కటే, చెట్ల మధ్య హ్యామక్ (గుడ్డ ఉయ్యాల) కట్టుకుని పడుకోవడం. రెండు హ్యామక్‌లు, 5 డిగ్రీల చలి దాకా ఆగుతాయని రేటింగ్ ఉన్న రెండు స్లీపింగ్ బ్యాగులు, ఒక టార్పాలిన్ తెచ్చుకున్నాం. సునాబెడలో మా పిన్ని వాళ్ళింట్లో సామాను విప్పి చూపించాం. పిన్ని అంతా చూసి ఒక్క మాట అడిగింది: "పైన ఇన్ని కప్పుకుంటారు సరే, కిందేటి ఏసుకుంటారు?" మేం పట్టించుకోలేదు. గాల్లో వేలాడే ఉయ్యాలకి కింద పరుపెందుకు అనుకున్నాం.

మొదటి రాత్రి దేవ్‌మాలి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ, 1672 మీటర్లు. పైన అంతా గడ్డే, హ్యామక్ కట్టడానికి చెట్టు దొరకదు. ఇది ముందే తెలుసుకోవాల్సింది. చివరికి కొండ పక్కన టెంట్లు అద్దెకిచ్చే కుర్రాళ్ళ దగ్గర ఒక టెంటు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. చోడి (రాగి) రొట్టె, కోడి కూర వేడిగా పెట్టారు. గాలి మాత్రం రాత్రంతా టెంటు గుడ్డని కొడుతూనే ఉంది. పక్క టెంటు వాళ్ళు బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకోబోతుంటే ఆ కుర్రాళ్ళే గట్టిగా ఆపేశారు. అందుకే వాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది. మూసిన టెంటులో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఎంత చలైనా కుంపటి బయటే ఉండాలి. సూర్యోదయం కోసమైతే దేవ్‌మాలి వెళ్ళండి, నిద్ర కోసమైతే వద్దు.

రెండో రాత్రి గురించే ఎక్కువ చెప్పాలి. లోయలో వాగు ఒడ్డున నీలగిరి చెట్ల తోపు, అందులో ఒక క్యాంపు. ఫోటోల్లో హ్యామక్‌లు చూసే బుక్ చేశాం. తీరా చూస్తే వాళ్ళ హ్యామక్‌లు పగటి పూట ఊగడానికి పెట్టిన వలలు. వాటిని సన్నని నైలాన్ తాడుతో కట్టారు. ఆ తాడు చెట్టు బెరడులోకి దిగిపోయి ఉంటే చూసి బాధేసింది. చెట్టుకి కనీసం రెండు వేళ్ళ వెడల్పున్న పట్టీ వాడాలి, అప్పుడు బరువు ఒక గీతలా కోసుకుపోదు. మా పట్టీలు, మా హ్యామక్‌లు కట్టుకున్నాం. గాలి లేదు, ఆకాశం నిండా చుక్కలు. దేవ్‌మాలి కంటే హాయిగా ఉంటుందని సంతోషపడ్డాం.

రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. ఛాతీ, చేతులు వెచ్చగానే ఉన్నాయి. వీపు, పిరుదులు, పిక్కల కింద మాత్రం ఎవరో తడిగుడ్డ పరిచినట్టుంది. స్వెట్టరు మీద జాకెట్టు వేసుకుని మళ్ళీ బ్యాగులో దూరాను. ఏం మారలేదు. పైగా బ్యాగు బిగుతై ఇంకా చలేసింది. తలతో సహా లోపలికి ముడుచుకుని ఊపిరి లోపలే వదిలితే ఆ ఆవిరికి లోపలి గుడ్డంతా చెమ్మెక్కింది. బావమరిది నాలుగింటికే లేచి నెగడు దగ్గర కూర్చున్నాడు. తెల్లారాక చూస్తే వాగు పక్క గడ్డి నిజంగానే తెల్లగా ఉంది, వేలితో గీస్తే పలుకులుగా రాలింది. చెట్టుకి ఛాతీ ఎత్తున వేలాడదీసిన మా థర్మామీటరు 4 డిగ్రీలు చూపిస్తోంది, దాన్నే గడ్డి మీద పెడితే సున్నాకి దిగింది.

ఎందుకలా అంటే, మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. వాగు ఒడ్డు అందంగా ఉంటుంది కానీ చుట్టుపక్కల కొండల చలంతా అక్కడే చేరుతుంది. ఇక వీపు సంగతి. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనమిచ్చేది దూది కాదు, దూది మధ్య కదలకుండా నిలిచిన గాలి. మన బరువు పడ్డ చోట ఆ గాలి నలిగి బయటికి పోతుంది. నేల మీదైతే కింద పరుపు ఉంటుంది. బ్యాగు మీద రాసే డిగ్రీల రేటింగ్ కూడా కింద మ్యాట్ ఉంచి చేసే పరీక్షలోంచి వచ్చిందే. హ్యామక్‌లో కింద ఉన్నది ఒక పలచటి గుడ్డ, దాని కింద రాత్రంతా పారే చల్లగాలి. పిన్ని అడిగింది అదే.

మర్నాడు సునాబెడ తిరిగొచ్చి జరిగింది చెప్పాం. పిన్ని నవ్వలేదు. మాట్లాడకుండా అటక మీంచి రెండు పాత బొంతలు దించింది. బజార్లో మందపాటి యోగా మ్యాట్‌లు రెండు కొన్నాం. ఆ సాయంత్రమే కొరాపుట్ వైపు ఒక కాఫీ తోటలో ఉన్న చిన్న హోమ్‌స్టేకి వెళ్ళాం. ఇక్కడి జైపూర్ (జయపురం, రాజస్థాన్‌ది కాదు) రాజులు 1930లలో మొదలుపెట్టిన కాఫీ సాగు ఇప్పుడు ఇక్కడి కొండవాలుల్లో చాలా ఊళ్ళకి పాకింది. తోట వాలు మధ్యలో ఉంది, పైన ఈదురుగాలి లేదు, కింద వాగూ లేదు. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లున్నాయి. తోట ఆయన మాతో పాటు వచ్చి చెట్లు చూపించారు. మిరియాల తీగ పాకినవాటిని వదిలేయమని, మొద్దు లావుగా ఉండి పైన ఎండుకొమ్మ లేనివి ఎంచుకోమని చెప్పారు. అడగకుండానే ఇంత శ్రద్ధ చూపించిన చోటు ఈ ప్రయాణంలో ఇదొక్కటే.

ఈసారి ఇలా కట్టాం. హ్యామక్‌ని బిగించి లాగకుండా తాడు నేలకి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండేలా వదులుగా కట్టాం. అలాగైతే ఐమూలగా పడుకోవచ్చు, వీపు చదునుగా ఉంటుంది. మ్యాట్ లోపల వేశాం. బొంతని హ్యామక్ బయట, కింద వేలాడదీశాం. దాని నాలుగు మూలలకీ నాడాలు కట్టి హ్యామక్ చివరి తాళ్ళకి ముడేశాం. అసలు మెళకువంతా ఇక్కడే ఉంది. మరీ బిగిస్తే బొంత నలిగిపోయి లాభముండదు, మరీ వదిలేస్తే మధ్యలో సందు పడి గాలి దూరుతుంది. మనిషి పడుకున్నాక రెండోవాళ్ళు కింద చెయ్యి పెట్టి చూడాలి. బొంత వీపుకి ఆనీ ఆననట్టు ఉండాలి. మా ఇద్దరికీ కుదరడానికి అరగంట పట్టింది. టార్పాలిన్‌ని గాలి వచ్చే వైపు నేల దాకా దించాం. అది మంచు నుంచి కూడా కాస్తుంది.

పడుకునే ముందు తోట ఆయన భార్య నెయ్యి వేసిన కాలాజీరా అన్నం, పప్పు పెట్టారు. ఇక్కడి చిన్న గింజ బియ్యం, వడ్ల పొట్టు నల్లగా ఉంటుంది, ఉడుకుతుంటే ఇల్లంతా వాసన. కడుపు నిండా నెయ్యన్నం తింటే రాత్రి ఒంట్లో వేడి నిలుస్తుంది. స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి మూత బిగించి, మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాం. పగలు నడిచిన మేజోళ్ళు విప్పేసి పొడి ఉన్ని మేజోళ్ళు వేసుకున్నాం. చెమట మేజోళ్ళతో పడుకుంటే కాళ్ళు తెల్లవార్లూ వేడెక్కవు. తలకి కోతి టోపీ, ముక్కూ నోరూ మాత్రం బయట.

ఆ రాత్రి కూడా థర్మామీటరు 5 చూపించింది. నాకు మెలకువ వచ్చేసరికి తోటలో పిట్టలు కూస్తున్నాయి, బావమరిది ఇంకా గురక పెడుతున్నాడు.

ఖర్చు విషయానికొస్తే, లోయ క్యాంపుకి మేం కట్టిన దాంట్లో సగమే కాఫీ తోటలో అయింది, అదీ రెండు పూటల భోజనంతో. బుక్ చేసే ముందు ఎవరినైనా మూడు ప్రశ్నలు అడగండి: చోటు వాలు మీదుందా పల్లంలోనా, చెట్లు ఎంత లావు, రాత్రి చలి ఎక్కువైతే ఇంట్లో పడుకోనిస్తారా. మూడోదానికి తడుముకోకుండా అవునన్న చోటుకే వెళ్ళండి. పిల్లలతో అయితే మరీను. సొంతంగా అడవిలో కట్టుకోవద్దు. అనుమతి సంగతి ఒకటి, ఎలుగుబంట్ల సంగతి ఇంకొకటి. శుక్రవారం కుదిరితే కుందులి సంత చూడండి, కొండ మీంచి దిగిన కూరలు, అల్లం అక్కడ దొరుకుతాయి.

జనవరిలో హ్యామక్ కింద కట్టుకోవడానికే చేసిన క్విల్ట్ (తేలికపాటి బొంత) కొని అదే తోటకి మళ్ళీ వెళ్ళాను. బొంతలో నాలుగో వంతు బరువు ఉండదు, సంచిలో పట్టేస్తుంది, బిగింపు రెండు నిమిషాల్లో కుదిరింది. బస్సుల్లో తిరిగేవాళ్ళకి అదే మేలు. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళు దానికోసం వేలు పెట్టక్కర్లేదు, ఇంట్లో బొంత, మ్యాట్ చాలు. ఏది వాడినా పొద్దున్న మాత్రం మడిచి సంచిలో కుక్కేయకండి. రాత్రి మంచుకి, ఒంటి ఆవిరికి అది చెమ్మగా ఉంటుంది, అలాగే కడితే రెండో రాత్రి వెచ్చదనం ఇవ్వదు. మావి సునాబెడ డాబా మీద పిన్ని వడియాల పక్కన మధ్యాహ్నం దాకా ఎండాయి. బొంతలు మాత్రం పిన్ని వెనక్కి తీసుకోలేదు. "మళ్ళీ వస్తారు కదా, ఉంచుకోండి" అంది.