ఏది మేలు? పాత మిలటరీ జీపుకు ఎనామిలా, డ్యూకోనా, పీయూనా?

విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుకు టింకరింగ్ అయిపోయాక యజమాని పెయింటర్‌తో అనేది ఒకటే మాట: "ఆర్మీ గ్రీన్ కొట్టేయండి." అక్కడ తేల్చుకోవాల్సినవి రెండు. రంగు ఏది? ఆ రంగు ఏ రకం పెయింటులో వేయాలి: ఎనామిలా, డ్యూకోనా, హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పీయూనా, అంటే పాలీయురెథేనా? డబ్బంతా రెండోదానికే పోతుంది కానీ, చిక్కు మొదటిదాంట్లో ఉంది.

మన దేశంలో రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఇదే చెబుతుంది. సైన్యం వేలంలో నేరుగా కొన్నా సరే, మీ చేతికొచ్చాక అది మామూలు బండే. "అందరూ తిప్పుతున్నారుగా" అంటారు, నిజమే. కానీ బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు ఆపితే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. రోజూ తిప్పే బండికైతే ఎయిర్‌ఫోర్స్ నీలి బూడిద రంగో, ఇసుక రంగో వేయించి, ఆర్సీలో రంగు మార్పు రాయించుకోవడమే నయం. ఈ రెండూ మిలటరీ రంగులే, చూడటానికి బాగుంటాయి కూడా. సైన్యం బండ్లకుండే బాణం గుర్తు నంబరు మాత్రం రోడ్డు మీద వద్దు.

రోడ్డెక్కకుండా ప్రదర్శనకే నిలబెట్టే బండికి పచ్చే కావాలంటే, ఏ పచ్చ అన్నది ముందు చూసుకోవాలి. 1941 నుంచి 1945 వరకు వచ్చిన విల్లీస్, ఫోర్డ్ జీపులది అమెరికా ఆలివ్ డ్రాబ్. పసుపు, నలుపు కలిపితే వచ్చే మట్టి పచ్చ అది, మెరుపన్నదే ఉండదు. జబల్‌పూర్‌లో తయారైన మన సైన్యపు బండి జోంగాకు సరిపోయేది ఐఎస్ 5 (పెయింటు రంగుల భారత ప్రమాణ పట్టిక) లోని ఆలివ్ గ్రీన్. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. షేడ్ కోసం బానెట్ మీది రంగు చూపిస్తే ఎండకు వెలిసిపోయిన పచ్చే కలిపిస్తారు. డ్యాష్‌బోర్డు వెనకో, ఇంజిన్ వివరాలుండే రేకు ముక్క కిందో ఎండ తగలని చోటు వెతకండి. నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో నెమ్మదిగా రుద్దితే పొర మీద పొర బయటపడుతుంది. ప్రైమర్‌ని, అంటే రేకు మీద మొదట వేసిన పొరని, ఆనుకుని ఉన్నదే అసలు రంగు. పొడిగా మాత్రం రుద్దకండి. పాత పెయింట్లలో సీసం ఉంటుంది, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు.

ఇక పెయింటు రకాలు. డ్యూకో, అంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు సంగతి ముందే తేల్చేస్తాను: వద్దు. నిమిషాల్లో ఆరుతుంది, దుమ్ము అంటదు, పెయింటర్లకు చెయ్యి తిరిగిన పని. కానీ మన వానాకాలపు ఉక్కలో డ్యూకో కొడితే తెల్లటి పొగ పట్టినట్టు అవుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడి గాలిలోని తేమ పెయింటు మీద చేరుతుంది, అందుకే ఆ తెలుపు. మెరిసే పెయింటుకైతే పాలిష్‌తో సర్దుకోవచ్చు, మెరుపు లేని మ్యాట్ పెయింటుకు ఆ దారి లేదు. పైగా పాత ఎనామిల్ మీద డ్యూకో పడితే కింది పొర ముడతలు పడి లేస్తుంది. కింద ఏముందో తెలియకపోతే థిన్నర్‌లో తడిపిన గుడ్డ కాసేపు ఆనించి చూడండి. రంగు గుడ్డకు అంటితే డ్యూకో, ముడత పడితే ఎనామిల్, ఏమీ కాకపోతే పీయూ లాంటి హార్డెనర్ కలిపిన పెయింటు.

అసలు పోటీ పీయూకీ ఎనామిల్‌కీ మధ్యే. గట్టిదనంలో పీయూకి తిరుగులేదు. పెట్రోలు పడినా, ఏళ్ల తరబడి ఎండలో ఉన్నా తట్టుకుంటుంది. ఎండకు వెలిసి, చేత్తో రాస్తే సుద్దలా అంటుకోవడం ఎనామిల్‌లో త్వరగా మొదలవుతుంది. ఇంతవరకు చూస్తే పీయూదే గెలుపు, పెయింటు షాపులో కూడా అదే చెబుతారు.

గీత పడినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మ్యాట్ పీయూని పాలిష్ చేయలేం, చేస్తే అక్కడ మెరుపు వస్తుంది. గీత పడినంత మేర మాత్రమే స్ప్రే గన్‌తో కొడితే మచ్చలా కనబడుతుంది. అందుకని మొత్తం ప్యానెల్ మళ్లీ కొట్టించాలి. దీనికితోడు పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. ముక్కుకు కట్టిన జేబురుమాలు గానీ, మామూలు దుమ్ము మాస్కు గానీ దాన్ని ఆపవు. ఒకసారి ఒంటికి పడకపోతే ఉబ్బసంలా జీవితాంతం వెంటాడవచ్చు. బయటి నుంచి గాలి అందించే మాస్కు, బూత్ (పెయింటు కొట్టే మూసిన గది) లేని షెడ్డులో పీయూ కొట్టమని పెయింటర్‌ని అడగడమే తప్పని నా ఉద్దేశం.

ఎనామిల్‌ని బ్రష్‌తో కూడా వేయొచ్చు. సైన్యం యూనిట్లలో పాత బండ్లకు బ్రష్‌తోనే రంగులు పడ్డాయి, కాబట్టి బ్రష్ చారలు కనబడినా మిలటరీ బండికి అది లోపం కాదు. గీత పడితే ఆదివారం పొద్దున మీరే వేసుకోవచ్చు. ఆరడానికి గంటలు పడుతుంది, ఈలోగా ఆటోనగర్ దుమ్మంతా దాని మీదే వాలుతుంది. ఇంటి షెడ్డులో నేల తడిపి వేసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

నా ఓటు ఎనామిల్‌కే, అయితే ఒక షరతు. కింద రెడ్ ఆక్సైడ్ బదులు ఎపాక్సీ ప్రైమర్ ఉండాలి. మామూలు రెడ్ ఆక్సైడ్ పొరలోంచి తేమ దిగుతుంది, కృష్ణ ఒడ్డు ఊళ్లో తుప్పుకి అంతకన్నా ఏం కావాలి! రేకుని బ్లాస్టింగ్ (ఇసుక లాంటి పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడం) చేయిస్తే అదే రోజు ఎపాక్సీ పడాలి, తెల్లారేదాకా ఆగొద్దు. పుట్టీ పెట్టేది కూడా ఎపాక్సీ మీదే. ఒట్టి రేకు మీద పెడితే పుట్టీ తేమ పీల్చుకుని అడుగున తుప్పు పట్టిస్తుంది. రోజూ ఎండలో ఆఫీసు బయట ఆగే బండికీ, మంచి బూత్ దొరికినవాళ్లకీ పీయూనే సరి. యాభై ఏళ్లు దాటి, 2021 నాటి నిబంధనల కింద వీఏ సిరీస్ (వింటేజ్ బండ్లకిచ్చే) నంబరు తీసుకున్న బండికి ఎనామిల్ చాలు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే అది రోడ్డెక్కాలి కాబట్టి ఎండ దెబ్బ తక్కువ.

ఏది వేసినా సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం గన్ నుంచి వచ్చిన తుంపర రేకుని తాకేలోపే సగం ఆరిపోయి పైపొర గరుకుగా వస్తుంది. మ్యాట్ డబ్బాని అడుగంటా కలపడం మరవద్దు. మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది, సరిగా కలపకపోతే బానెట్ ఒక మెరుపులో, తలుపులు ఇంకో మెరుపులో వస్తాయి.

విల్లీస్ వాళ్లకు ఇంకొకటి. దాని పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కింద ఉంటుంది, పోసేటప్పుడు ఎంతోకొంత చుట్టూ ఒలుకుతుంది. బండంతా ఎనామిల్ వేసినా ఆ ట్యాంకు గుంతకు మాత్రం పీయూ కొట్టించండి. సీటు వేశాక తేడా ఎవరికీ కనబడదు.