తుపాను వేళ ఏది మేలు: నది కలిసిన కడలా, ఉప్పు కడలా?

ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినప్పుడల్లా విజయవాడలో వినపడే మాట ఒకటే: ఇన్ని నీళ్లు సముద్రం పాలయ్యాయని. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. అదే జోరు ఒక రోజంతా సాగితే దాదాపు 99 టీఎంసీలు. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాటాక ఆ నీరు ఏం చేస్తుందో మాత్రం మనం మాట్లాడుకోం. అక్టోబరు, నవంబరు తుపాన్లకు భయపడే మనం తప్పక తెలుసుకోవాల్సిన సంగతి అది.

మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. అందుకే నది నీరు వెంటనే కలిసిపోకుండా పైన పొరగా పరుచుకుంటుంది. నది నీరు పెద్దగా చేరని చోటికి తుపాను వస్తే గాలులు సముద్రాన్ని కలియబెడతాయి, లోతులోని చల్లని నీరు పైకొస్తుంది, ఉపరితలం రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తుపాను బతికేది వెచ్చని నీటి ఆవిరి మీదే కాబట్టి, తన పొయ్యి తానే ఆర్పుకున్నట్టవుతుంది. నది నీరు పరుచుకున్న చోట అలా జరగదు. పైపొర తేలిక, కిందిది బరువు. గాలి ఎంత కుదిపినా రెండూ ఓ పట్టాన కలవవు. పైగా ఆ కింద కూడా కొంత లోతు వరకు నీరు వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చని కింది పొరనే అవరోధ పొర అంటారు. అలాంటి పొర ఉన్నచోట తుపాన్లు బలపడే వేగం దాదాపు 50 శాతం ఎక్కువని 2012లో సముద్ర శాస్త్రవేత్త కార్తీక్ బాలగురు బృందం తేల్చింది. అట్లాంటిక్‌లో అమెజాన్, ఒరినోకో నదుల నీరు హరికేన్లకు చేసే సాయం ఇదే.

బంగాళాఖాతంలో ఆ పాత్ర ప్రధానంగా గంగా బ్రహ్మపుత్రలది. ఆ నదుల ఏడాది సగటు ప్రవాహమే 12 లక్షల క్యూసెక్కులు దాటుతుంది. అంటే మన కృష్ణ రికార్డు వరద వాటికి మామూలు రోజు. వానాకాలం పోయాక ఆ నీరు ఒడ్డు వెంబడి ఒక పట్టీలా దక్షిణానికి, మన తీరం మీదుగా సాగుతుంది. వానల తర్వాత ఉత్తర బంగాళాఖాతం తుపానుకు పెద్దగా చల్లబడదని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) శాస్త్రవేత్తలు 2008లోనే చూపారు.

కాబట్టి తుపాను వరకే చూస్తే ఉప్పు కడలే మేలు. అయితే దాని మీద భరోసా పెట్టుకోలేం. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన వానాకాలం తర్వాతిదే. కానీ 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను నదులు సన్నగిల్లిన కాలంలోదే, అయినా నడిసముద్రంలో సూపర్ సైక్లోన్ స్థాయికి చేరింది. మే నెలలో సముద్రం మహా వేడిగా ఉంటుంది. పైగాలుల తీరు, గాలిలో తేమ కూడా తుపాను బలాన్ని తేల్చేవే. నది నీరు వీటన్నిటిలో ఒకటి. అయినా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను బలాన్ని అంచనా కట్టేటప్పుడు ఉపరితల ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, లవణీయతను (నీటిలో ఉప్పు ఎంతుందో), లోతున దాగిన వేడిని కూడా చూడాలని నా గట్టి అభిప్రాయం.

మరి కృష్ణ నీటిని సముద్రంలోకి పోనివ్వకుండా ఆపితే తుపాన్లు మెత్తబడతాయా? లేదు. బంగాళాఖాతానికి చేరే మంచినీటిలో మన వాటా చిన్నది. ఆపితే నష్టం మాత్రం పెద్దది. నది జోరు తగ్గిన కొద్దీ ఉప్పునీరు కాలువల్లోకి ఎగదన్నుతుంది, దివిసీమ పొలాలు చౌడు బారతాయి, ఒండ్రు చేరక తీరం కోతకు గురవుతుంది. ఉప్పెన జోరును కాస్తయినా తగ్గించే మడ అడవులకు ఆ ఒండ్రూ కావాలి, ఆ మంచినీరూ కావాలి.